సాయంత్రం దినచర్య ఇంటిల్లిపాదిదీ కావాలి

రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ పక్కన పెట్టి పుస్తకం చదవమని, సాయంత్రం దినచర్య గురించిన మీ వ్యాసంలో రాశారు. మంచి మాటే. కానీ చాలా ఇళ్లలో ఆ వేళకి ఆడవాళ్లు ఇంకా వంటింట్లోనే ఉంటారు. గిన్నెలు తోమడం, గట్టు తుడవడం, ఇడ్లీకి నానబెట్టిన పప్పు రుబ్బడం, పిల్లల బ్యాగులు సర్దడం... వాళ్లకి విశ్రాంతి ఎప్పుడు? అందుకే మా ఇంట్లో ముందు భోజనం వేళ మార్చాం. ఎనిమిదికల్లా అందరం తినేస్తాం. ఎవరి కంచం వాళ్లే కడుక్కుంటారు. మావారు పిండి రుబ్బితే, మా అబ్బాయి మర్నాటికి బెండకాయలు కడిగి, తుడిచి ఆరబెడతాడు. తొమ్మిదికి వంటింట్లో లైటు ఆర్పేస్తాం. ఆ తర్వాత గంట ఎవరిది వాళ్లదే. నేను మా అమ్మ పాత నేత చీరలతో బొంత కుడుతున్నాను, టెన్షన్లన్నీ మర్చిపోతాను.

వ్యాసంలో కాఫీ సంగతి రాలేదు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి గట్టి ఫిల్టర్ కాఫీ తాగితే పదకొండైనా కన్ను మూతపడదు మరి! మా అత్తయ్యగారు మూడింటికే కాఫీ కానిచ్చేస్తున్నారు, ఇప్పుడు నిద్ర బాగా పడుతోందంటున్నారు.

నైట్ షిఫ్టుల వాళ్లకి ఇవన్నీ ఎలా కుదురుతాయో కూడా దయచేసి రాయండి. మా చెల్లెలు నర్సు, తనకి చాలా అవసరం.