కప్ప జన్యువుకు కొండ చిరునామా

తొలకరి పడిన రాత్రి కడప జిల్లా లంకమల కొండల వాగుల వెంట అరిచే కప్పల్లో ఏది ఎక్కడైనా దొరికే జాతో, ఏది ఈ కొండల్లో తప్ప బతకనిదో రంగునూ కొలతలనూ బట్టి తేల్చబోతే నిపుణులు సైతం పొరబడతారు. ఆ చిక్కు విప్పడానికి అక్కరకు వచ్చే సాధనం మైటోకాండ్రియా జన్యుపటం. కణానికి శక్తినిచ్చే ఈ భాగానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. వెన్నెముక గల జీవుల్లో అది సాధారణంగా 37 జన్యువులతో, 16 నుంచి 18 వేల అక్షరాల పొడవుతో, తల్లి నుంచే పిల్లలకు సంక్రమిస్తుంది. ఒక్కో కణంలో దాని ప్రతులు వందలు, వేలుగా ఉంటాయి కాబట్టి కప్ప నోట్లో దూదిపుల్ల తిప్పి తీసిన తడితోనూ దాన్ని చదవవచ్చు. అరుదైన ప్రాణిని చంపనక్కరలేదు. మనిషిలో ఈ అక్షరాల వరుసను 1981లో, ఆఫ్రికా గోళ్ల కప్పలో 1985లో పూర్తిగా చదివారు. నాడు ఏళ్లు పట్టిన పని నేడు రోజుల్లో ముగుస్తోంది.

అయితే ఏ వాగులో, ఏ నెలలో దొరికిందో రాయని వరుస ఊరూ పేరూ లేని ఉత్తరం వంటిది. పైగా అది తల్లి వైపు వంశాన్నే చెబుతుంది. రెండు జాతులు సంకరమైన చోట దారి తప్పిస్తుంది కూడా. కేంద్రక డీఎన్‌ఏ, అరుపుల రికార్డు దానికి తోడు కావలసిందే.

ఆ చోటూ ఆ కాలమూ బాగా తెలిసింది స్థానికులకే. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికినప్పుడు, రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఒక స్థానిక వేటగాడు. శాస్త్రం లేదనుకున్న పిట్టకు ఇక్కడివారి నోట కలివి పొదల పేరు ఉండనే ఉంది. వేసవిలోనూ ఆరని దొన (బండల నడుమ నీటిగుంట) ఏదో మేకల కాపరికి తెలిసినంతగా ప్రయోగశాలకు తెలియదు. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలు హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి నమూనాలు పంపి ఊరుకోకుండా, అటువంటి వారిని కూలికి కాక భాగస్వాములుగా వెంట తీసుకుని కొండెక్కాలని మేము కోరుతున్నాము.

అటవీశాఖ అనుమతుల దస్త్రం మాత్రం తొలకరికి ముందే కదలాలి. కప్పలు జతకట్టే రోజులు ఏడాదికి కొన్నే. జూన్‌లో పెట్టిన అర్జీ మీద జనవరిలో సంతకం పడితే, పరిశోధకుడు కొండెక్కేసరికి వాగులో ఎండిన బండలే మిగులుతాయి.