ఫాస్ఫో ఎర్క్ యాంటీబాడీ దొరకు నల్లగొండ నుంచి ఒక అర్జీ

దొరా, నీ కాల్మొక్త!

ఎర్క్ అంటే కణంల ఉండే ఓ ప్రొటీన్. దానికి ఫాస్ఫేట్ ఎక్కిందా లేదా అని పట్టి చూపనీకె నిన్ను, అంటే ఓ యాంటీబాడీని, తెచ్చుకుంటం. నీ గడి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్. నీ ఒంట్ల సగం గ్లిజరాల్ గనుక పక్కనున్న గొట్టాలన్నీ రాయిలెక్క గడ్డకట్టినా నువ్వు తేనెలెక్క కదుల్తుంటవు. నీ ఆస్తి మొత్తం 100 మైక్రోలీటర్లు. జెల్ల బరువు వారీగ విడదీసిన ప్రొటీన్లను పొర మీదికి దించి నీతోని వెతుకుడే బ్లాట్. వెయ్యికి ఒకటి చొప్పున కలిపితే ఒక్కో బ్లాటుకు 10 మిల్లీలీటర్లల్ల 10 మైక్రోలీటర్లు, అంటే పది బ్లాట్లకు దొరవారు ఖతం. ధర ఈడ రాయం, చదివేటోళ్ల ఇంట్ల పెద్దమనుషులుంటరు.

నీ దర్శనానికి ముందు కణాలు రాత్రంతా సీరం లేక పస్తుండాలె. పొద్దున ఈజీఎఫ్ అనే పెరుగుదల సంకేతం పోస్తే ఐదు, పది నిమిషాలల్ల మెక్ అనే కైనేజు (ఫాస్ఫేట్ ఎక్కించే ఎంజైము) ఎర్క్ మీద రెండు ఫాస్ఫేట్లు ఎక్కిస్తది: 202వ జాగల ఉన్న థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం మీద ఒకటి, 204వ జాగల ఉన్న టైరోసిన్ మీద ఒకటి. నీకు కావల్సింది ఆ రెండే. కణం పగిలిందో లేదో, ఫాస్ఫటేజులనే ఎంజైములు వచ్చి ఆ ఫాస్ఫేట్లను ఊడబీకుతయి. అందుకే మంచు బకెట్, అందుకే బఫర్ల వాటిని ఆపే మందులు: ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్, సోడియం ఫ్లోరైడ్ 50 మిల్లీమోలార్.

ఈడ జర ఆగు దొరా. ఫ్లోరైడ్ అంటే ఏందో మా జిల్లాకు చెప్పాల్నా? బోరు నీళ్లు తాగి పండ్లు గారబట్టి, ఎముకలు వంగిన ఊర్లు మావి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. దాన్ని దించనీకె పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేటదేర్చే పద్ధతిని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుజేస్తే, దానికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’ అని పడ్డది. అసొంటి గడ్డ మీద కూసొని నీ కోసం లీటరుకు 2.1 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూకమేసి పోస్తం. అందుల ఒట్టి ఫ్లోరైడే 950 మిల్లీగ్రాములు. ఊరు తీసెయ్యనీకె కొట్లాడిందాన్ని మేం సీసాలల్ల కొనుక్కొచ్చుకుంటం. శుద్ధమైందే కావాలె మల్ల, మా బోరు నీళ్లు నీకు పనికిరావు!

ఆ ఫ్లోరైడ్ గూడ సెరీన్, థ్రియోనిన్ ఫాస్ఫటేజులనే ఆపుతది, టైరోసిన్ దిక్కు చూడది. టైరోసిన్‌కు వనడేట్ కావాలె. వనడేట్ ఊకె కలిపితే కాదు. పీహెచ్ 10కి తెచ్చి, పసుపు పోయి తేట నీళ్లలెక్క అయ్యేదాక మరగబెట్టాలె, చల్లారినంక మల్ల పీహెచ్ చూడాలె. పసుపు ఉన్నదంటే అణువులు గుంపు కట్టుకొని ఉన్నట్టు, ఆ గుంపును ఫాస్ఫటేజు అంతగ లెక్కజెయ్యది. ఇంత చేసినంక ఎవరో ఈడీటీఏ (లోహాలను పట్టుకునే మందు) దండిగ పోస్తరు, అది వనడేట్‌ను పట్టుకొని పనికిరాకుండ జేస్తది. అప్పుడు పొర మీద బ్యాండు (ప్రొటీన్ గీత) పల్చబడితే తప్పు నీదంటరు. నీ తప్పులు వేరే ఉన్నయి, వస్తున్న.

జెల్ ముచ్చట తొందరగ జెప్త. లేనుకు 20, 30 మైక్రోగ్రాముల ప్రొటీన్. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పొరను మెథనాల్ల తడపకపోతే పొర ప్రొటీన్‌ను పట్టది. జెల్ల నుంచి పొర మీదికి దించనీకె కరెంటు పెట్టేటప్పుడు జెల్ నలుపు (నెగెటివ్) దిక్కు, పొర ఎరుపు (పాజిటివ్) దిక్కు. తిరగేస్తే ప్రొటీన్లన్నీ బఫర్ల కలిసిపోతయి. గాలిబుడగ చిక్కిన కాడ తెల్లటి గుండ్రం.

తర్వాత దొరవారి భోజనం, అంటే పొర మీద ఖాళీ జాగలను నింపే ప్రొటీన్. పాలపొడి నీకు సయించదట, పాలల్ల కేసీన్ నిండ ఫాస్ఫేటే గదా. అందుకని 5 శాతం బీఎస్ఏ, ఆవు రక్తంల ప్రొటీన్. ఫాస్ఫేట్ ఉప్పు నీళ్లతోని కడుగుడు గూడ వద్దు, ట్రిస్ ఉప్పు నీళ్లల్ల ట్వీన్ అనే సబ్బులాంటిది 0.1 శాతం కలిపి కడగాలె. నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా ఊపుకుంట ఉండాలె. మే నెల ఎండల కరెంటు పోయిన రాత్రి నీ ఉయ్యాల ఆగితే పొద్దున పొరంతా మసక.

నీ గుమాస్తా ఇంకో రకం. నిన్ను పట్టుకొని వెలుగు చూపెట్టే ఆ సెకండరీ యాంటీబాడీకి ఎర్క్ ఎవరో తెల్వదు, కుందేలుకు సంబంధించిందైతే చాలు, పోయి పట్టుకుంటది. దాని చేతిల హెచ్ఆర్‌పీ అనే ఎంజైము దీపం. కడిగే నీళ్లల్ల సోడియం అజైడ్ అనే నిల్వ మందు రవ్వంత మిగిలినా ఆ దీపం ఆరిపోతది. గుమాస్తాలు ఎక్కువైతే ఇంకో తమాషా: వెలుగిచ్చే మందంతా ఒక్కకాడనే మండిపోయి, బ్యాండు నడిమిట్ల తెల్లగ బోడిగ కనబడ్తది.

ఇగ అసలు ఫిర్యాదు. నీకు ఎర్క్ తెల్వదు దొరా. ఫాస్ఫేట్ తగిలించిన ఓ చిన్న పెప్టైడ్ ముక్కను కుందేలుకు ఎక్కిస్తే పుట్టినవు నువ్వు. ఆ ముక్క మొఖం ఏడ కనబడ్డా దండం పెడ్తవు. ఎర్క్5 అనే నీ ఎర్క్ చుట్టంల గూడ అదే థ్రియోనిన్, గ్లుటమేట్, టైరోసిన్ వరుస ఉన్నది, అందుకే ఒక్కోసారి వంద కిలోడాల్టన్లు (ప్రొటీన్ బరువు కొలత) దాటిన కాడ నీ సంతకం. నువ్వు పాలీక్లోనల్ (కుందేలు రక్తంల నుంచి తీసిన రకరకాల యాంటీబాడీల కలగలుపు) అయితే కుందేలు మారితే నీ మాటా మారుతది. పాత డబ్బాకు కొత్త డబ్బాకు పొంతన ఉండది.

మరి మేం? 44, 42 కిలోడాల్టన్ల దగ్గర రెండు గీతలు (ఎర్క్1, ఎర్క్2) కనబడంగనే కాల్మొక్తం. ఆ తర్వాత అన్ని లేన్లల్ల ప్రొటీన్ సమానంగ పోసినమని చూపెట్టనీకె యాక్టిన్ అనే ఇంకో కణం ప్రొటీన్‌ను పెడ్తం. యాక్టిన్ బరువు 42. ఎర్క్2 కూసున్న సీట్లనే దాన్ని గూడ కూసోబెట్టి, ఎవరి గీత ఎవరిదని మల్ల మేమే అడుగుతం. దాని బదులు వింకులిన్ అనే ప్రొటీన్ అయితే బరువుల బహు దూరం, గొడవ లేదు. ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా మొత్తం ఎర్క్ ఎంతుందో చూసేటప్పుడు గూడ అదే యవ్వారం: పొర మీద నిన్ను సరిగ్గ ఊడగొట్టకుండ మల్ల కుందేలు యాంటీబాడీనే పోస్తే, గుమాస్తా పాత దొరకే దండం పెడ్తది. ఎలుకల పుట్టిన యాంటీబాడీ తెచ్చుకుంటే ఆ బాధ తప్పుతది.

నిన్ను నిలదీసే దారి ఉన్నది. ఈజీఎఫ్‌కు అరగంట ముందు యూ0126 అనే మందు 10 మైక్రోమోలార్ పోస్తే మెక్ ఆగి నీ గీతలు పోవాలె. లైసేట్ల, అంటే పగలగొట్టిన కణాల రసంల, లాంబ్డా ఫాస్ఫటేజు వేసి 30 డిగ్రీల దగ్గర అరగంట పెడితే గూడ పోవాలె. అయితే ఆ లైసేట్ల వనడేట్, ఫ్లోరైడ్, ఈడీటీఏ ఉండొద్దు. చానామంది అన్నీ కలిపిందాంట్లనే వేసి, ‘గీత పోలేదు, యాంటీబాడీ దొంగ’ అంటరు. ఆ ఒక్కకాడ నువ్వు నిర్దోషివి, రాసిస్తం.

మా కోరిక ఒక్కటే. వచ్చే డబ్బాల నువ్వు రీకాంబినెంట్‌గ, అంటే కుందేలు రక్తంల నుంచి గాకుండ జన్యువు నుంచి తయారై, రా. కుందేలు బతికున్నా సచ్చినా నీ జన్యువు కాయితం మీద రాసి ఉంటది గనుక మాట మార్చవు.

ఇట్లు,
నీ గడి ముందల మంచు బకెట్లు పట్టుకొని నిలబడ్డోళ్లు,
నల్లగొండ.

తా.క.: డబ్బా అడుగున ఎనిమిది మైక్రోలీటర్లు మిగిలినయి. మూతకు అంటుకున్నది దించనీకె సెంట్రిఫ్యూజ్‌ల ఓ చుట్టు తిప్పుతున్నం, కోపం జేసుకోకు.