కాపీ అయ్యేదాకా ఆగండి!
పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని నేను. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ ఫొటోలు తీసి రెండు 64 జీబీ మెమరీ కార్డులు నిండాక, లాప్‌టాప్ పెట్టుకుందామంటే మండపంలో ఒక్క ప్లగ్ పాయింట్ ఖాళీ ఉండదు. అన్నీ డీజే వాళ్లవే. ఎలాగో ఓ మూల కూర్చుంటే ఎవరో కుర్చీ జరుపుతూ హార్డ్ డిస్క్ వైరు లాగేస్తారు. సగం కాపీలో! మళ్లీ మొదటి నుంచి. పాతకాలపు యూఎస్‌బీ 2.0 కార్డు రీడర్‌తో ఒక్క కార్డుకే అరగంట పైన పడుతుంది, ఆ టెన్షన్ ఎవరికి తెలుసు? ఈలోగా పెళ్లికొడుకు బావమరిది వచ్చి "అన్నా, ఆ కార్డే ఫార్మాట్ కొట్టి అప్పగింతలు తీసెయ్యండి" అంటాడు. రెండో డిస్కులోకి కూడా కాపీ ఎక్కకుండా కార్డు మొత్తం ఎలా చెరిపేయను? ఆ ఫొటోలు పోతే తాళి మళ్లీ కట్టిస్తారా?