ఏషియాడ్ బిట్టు గారికి ఒక అభ్యర్థి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆసియా క్రీడల బిట్టు గారి దివ్యసముఖమునకు,

పోటీ పరీక్షల అభ్యర్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నా కుశలం సంగతి ఫైనల్ కీ, అంటే తుది జవాబుల పట్టిక, వచ్చాక గానీ తేలదు. మీకు మాత్రం ఏ లోటూ లేదని తెలుసు. ప్రశ్నపత్రంలో పంచవర్ష ప్రణాళికల బిట్టుకీ పర్యావరణం బిట్టుకీ నడుమ కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. ఒక మార్కు మీ చేతిలో ఉంటుంది. తప్పు పెడితే మూడో వంతు మా జేబులోంచి కూడా లాక్కుంటారు. ఇంత అధికారం ఉన్న మిమ్మల్ని మీ గురించి చెప్పమంటే నాలుగు ముక్కలు దాటి పలకరు. సంవత్సరం, నగరం, మస్కట్ అనే చిహ్నం బొమ్మ, పతకాలు. అంతే.

మీ పట్టిక ఎలా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. 1951 న్యూఢిల్లీ, 1954 మనీలా, 1958 టోక్యో, 1962 జకార్తా, ఆ తర్వాత బ్యాంకాక్, మళ్లీ బ్యాంకాక్, టెహ్రాన్, ఇంకోసారి బ్యాంకాక్, తిరిగి ఢిల్లీ. జరిగినవి చాలవన్నట్టు 2030 దోహా, 2034 రియాద్ కూడా ఇప్పటి నుంచే బట్టీ పట్టాలి. ఉద్యోగం ఏ సంవత్సరంలో వస్తుందో చెప్పలేనివాడు రియాద్ సంవత్సరం మాత్రం తడుముకోకుండా చెప్పాలన్నమాట. ఇదంతా గుర్తుండటానికి కోడ్ కట్టుకుంటాం. నగరాల మొదటి అక్షరాలు తీసుకుని ‘ఢి-మ-టో-జ, బ్యా-బ్యా-టె-బ్యా’ అని రాగం తీస్తాం. తెల్లవారుజామున ఈ పారాయణం వినేవాళ్లకు ఎవరిదో మేకపిల్ల తప్పిపోయిందేమో అనిపించినా ఆశ్చర్యం లేదు.

ఆ బ్యాల వెనక ఏముందో మాత్రం మీరు చెప్పరు. 1970 క్రీడలు జరగాల్సింది సియోల్‌లో. ఒకవైపు ఉత్తర కొరియా భయం, ఇంకోవైపు ఖర్చు, రెండూ చూసుకుని దక్షిణ కొరియా తప్పుకుంది. 1978వి ఇస్లామాబాద్‌లో జరగాల్సినవి, పాకిస్తాన్ కూడా చేతులెత్తేసింది. రెండుసార్లూ ఆదుకున్నది బ్యాంకాకే. ముహూర్తం దగ్గరపడ్డాక మండపం దొరకలేదంటే ‘మా ఇంట్లో చేసేద్దాం రండి’ అనే పిన్ని లాంటి ఊరు అది. ఇంత చేసిన పిన్నికి మీరిచ్చిన గౌరవం ఏమిటయ్యా అంటే, ‘అత్యధిక సార్లు ఆతిథ్యమిచ్చిన నగరం: బ్యాంకాక్ (4)’. బ్రాకెట్లో ఒక నాలుగు, అయిపోయింది. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే మాకు ఆ మేకపిల్ల రాగమే అక్కర్లేకపోయేది.

2018 సంగతీ అంతే. నాలుగేళ్లకోసారి అన్న మీ లెక్క ప్రకారం 2014 ఇంచియాన్ తర్వాత 2018 జకార్తా, పాలెంబాంగ్ చక్కగా కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ ఆ క్రీడలు 2019లో హనోయ్‌లో జరగాల్సినవి. ఖర్చు భరించలేమని వియత్నాం తప్పుకుంటే ఇండోనేషియా తీసుకుంది. 2019లో అక్కడ అధ్యక్ష ఎన్నికలు ఉండటంతో ఏడాది ముందే కానిచ్చేశారు. ఎన్నికలొస్తే పరీక్షలు వాయిదా పడటమే మాకు తెలుసు. ఎన్నికల కోసం ఒక కార్యక్రమం ముందుకు జరగడం కూడా ఉంటుందని తెలిస్తే మాలాంటివాళ్లకు కాస్త ఊరటగా ఉండేది.

ఇక అసలు ఫిర్యాదు. 1962 మీద మీ దగ్గర రెండు బిట్లున్నాయి, వేర్వేరు పేజీల్లో. ఒకటి, ‘ఆసియా క్రీడల రూపకల్పనలో కీలక పాత్ర పోషించిన భారతీయుడు: గురుదత్ సోంధీ’. ‘ఎవర్ ఆన్‌వర్డ్’ అనే నినాదం ఇచ్చింది కూడా ఆయనే కాబట్టి ఆయన పేరు మీద మీకు రెండు మార్కుల ఆస్తి ఉంది. ఇంకోటి, ‘ఫుట్‌బాల్‌లో భారత్ స్వర్ణం గెలిచిన సంవత్సరాలు: 1951, 1962’. ఈ ఇద్దరు చుట్టాలూ ఒకే వారంలో, ఒకే ఊళ్లో ఎదురుపడ్డారని మీరు ఎన్నడైనా చెప్పారా?

ఆ ఏడాది తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. సభ్యులనే గుమ్మం బయట నిలబెట్టి వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని సోంధీ పట్టుబట్టారు. జకార్తాలో జనం మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సోంధీ ఆ ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా ఆ వేడిలోనే మన జట్టు ఫుట్‌బాల్ ఫైనల్‌కు దిగింది. ఎదురుగా దక్షిణ కొరియా, అంటే అవే పోటీల మొదటి దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. స్టేడియం నిండా జనం, మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, గేలి. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్‌కు అంతకుముందు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే కోచ్ అతన్ని ముందు వరుసలోకి పంపాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, తలకు కుట్లున్న జర్నైల్ ఇంకోటి కొట్టాడు. 2-1.

ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాద్ మనిషి, బడిలో పాఠాలు చెప్పినవాడు, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. 1951 స్వర్ణం వెనక ఉన్నదీ ఆయనే. జకార్తా నుంచి తిరిగొచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ జట్టు ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. ఇంత బతుకును మీరు పిండి ఆరేస్తే మిగిలింది రెండు సంవత్సరాలు, మధ్యలో ఒక కామా. పైగా ఆప్షన్ ‘సి’లో ‘1951, 1966’ అని పెట్టి, ఎవడు జారిపడతాడా అని కాచుక్కూర్చుంటారు.

1982 ఢిల్లీకి వస్తే మీ హుషారు వేరు. అప్పు అనే ఏనుగు పిల్ల మస్కట్, ఇంటింటా రంగుల టీవీ గురించి కబుర్లు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. బాగుంది. ఆ ఢిల్లీ క్రీడల్లోనే మన పురుషుల హాకీ జట్టు సొంత జనం ముందు ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1తో ఓడింది. అవే క్రీడల్లో మన మహిళల హాకీ జట్టు స్వర్ణం గెలిచింది. ఏనుగుకి ఇచ్చిన జాగాలో సగమైనా మీ పేజీలో ఆ అమ్మాయిలకు ఇవ్వలేదు.

సరే, కథలు మీ ఒంటికి పడవు, అంకెలే మీ బలం అనుకుందాం. అవైనా నిలకడగా ఉన్నాయా? 2018లో భారత్ పతకాలు ఎన్ని అంటే ఒక పుస్తకంలో 69, ఇంకో పుస్తకంలో 70. రెండింటి అట్టల మీదా ‘లేటెస్ట్ ఎడిషన్’ అనే ఉంటుంది. చిత్రమేమిటంటే రెండూ ఒకప్పుడు నిజమే. జకార్తాలో మిక్స్‌డ్ 4×400 రిలేలో బహ్రెయిన్ ముందు, మనం వెనక. తర్వాత బహ్రెయిన్ అమ్మాయి కెమీ అడెకోయా డోపింగ్‌లో దొరికింది. దాంతో రిలే రజతం కాస్తా స్వర్ణమైంది. ఆమె గెలిచిన 400 మీటర్ల హర్డిల్స్‌లో నాలుగో స్థానంలో వచ్చిన అనూ రాఘవన్‌కు కాంస్యం దక్కింది. 15 స్వర్ణాలు 16 అయ్యాయి, మొత్తం 70కి చేరింది. ఇదంతా తేలింది 2020లో. పరుగు అయిపోయిన రెండేళ్లకు పతకం ఎలా చేతులు మారుతుందన్నది తెలుసుకోదగ్గ విషయమా కాదా? మీరు మాత్రం 69నీ 70నీ పక్కపక్కన ఆప్షన్లుగా పెట్టి చోద్యం చూస్తారు. అభ్యర్థికి తెలిసింది ఏ పుస్తకమో కనిపెట్టే పరీక్ష అది, ఆసియా క్రీడలకు దానితో సంబంధం లేదు.

19వ క్రీడలైతే మీకు ఏడాది పొడుగునా పండగే. పేరు హాంగ్‌జౌ 2022, జరిగింది 2023 సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 8 వరకు. కోవిడ్ వల్ల వాయిదా పడినా పేరు మార్చలేదు. ‘2022 ఆసియా క్రీడలు ఏ సంవత్సరంలో జరిగాయి?’ అని మీరు అడిగినప్పుడు, ఇది తెలిసినవాడు కూడా బబుల్ దిద్దేముందు ఒకసారి నుదురు తుడుచుకుంటాడు. పురుషుల క్రికెట్ ఫైనల్ వానకు కొట్టుకుపోతే అఫ్గానిస్తాన్ కంటే ర్యాంకు మెరుగ్గా ఉందని మనకు స్వర్ణం ఇచ్చారు, అదీ మీ దగ్గర మామూలు స్వర్ణమే. మొత్తం పతకాలు 107, అందులో స్వర్ణాలు 28, స్థానం నాలుగు. ఇవి నాకు నిద్రలో అడిగినా వస్తాయి, మీ పుణ్యమే.

ఆ 107లో ఒకటి విశాఖపట్నం అమ్మాయిది. అక్టోబరు 1న మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేన్‌లో ఉన్న చైనా క్రీడాకారిణి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. ఆ కదలికకు జ్యోతి యర్రాజి కూడా లేచింది. అధికారులు మొదట ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి ట్రాక్ వదల్లేదు. రీప్లే చూసి, ముందు కదిలింది నేను కాదని అధికారులతో వాదించింది. ఎటూ తేలక, ముందు పరుగెత్తండి, సంగతి తర్వాత చూద్దామన్నారు. నాలుగేళ్ల కష్టం అటో ఇటో అనే టెన్షన్‌లో, అప్పుడే వాదించి వచ్చిన మనిషి, మళ్లీ బ్లాక్స్ మీద కూర్చుని 12.91 సెకన్లలో పది హర్డిల్స్ దాటింది. మూడో స్థానం. రెండో స్థానంలో వచ్చిన వూను ఆ తర్వాత అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతికి రజతం వచ్చింది. ప్రిలిమినరీ కీ మీద అభ్యంతరం పెట్టి మార్కు తెచ్చుకోవడం ఎలాగో మాకు ఇంతకంటే బాగా చూపించినవాళ్లు లేరు.

మరి మీరేం చేశారు? అదే క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కూడా ఉందని తెలియగానే మీ కళ్లు మెరిశాయి. ఇద్దరు జ్యోతులు! వెంటనే ‘జతపరచుము’లో పడేశారు. ఒకవైపు పేర్లు, ఇంకోవైపు విలువిద్య, హర్డిల్స్. ఏడు పోటీల హెప్టథ్లాన్‌లో కాంస్యం గెలిచిన తెలంగాణ అమ్మాయి అగసర నందిని మీ చేతికి అంత తేలిగ్గా చిక్కలేదు, ఆమె పేరు ఇంకెవరికీ లేదు కాబట్టి.

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. లక్షల మంది రాసే పరీక్షలో వ్యాసాలు దిద్దుతూ కూర్చుంటే ఫలితాలు వచ్చేలోపు మా వయోపరిమితి దాటిపోతుంది. జవాబు పత్రాలు దిద్దే ఓఎంఆర్ యంత్రానికి నల్లటి చుక్క తప్ప ఇంకేమీ కనపడదు. ఒప్పుకుంటాను. కానీ ఆ చుక్క కింద సంవత్సరమే ఉండాలని, కారణం ఉండకూడదని యంత్రం ఏమీ పట్టుబట్టలేదు కదా. ‘1962లో జకార్తా ప్రేక్షకులు భారత ఫుట్‌బాల్ జట్టును గేలి చేయడానికి కారణం? ఎ) హాకీ ఫలితం బి) తైవాన్, ఇజ్రాయెల్‌ల మినహాయింపును సోంధీ ప్రశ్నించడం సి) రిఫరీ నిర్ణయం డి) వేదిక మార్పు.’ చూడండి, ఇది కూడా బిట్టే. నాలుగు ఆప్షన్లే. దిద్దడానికి అదే యంత్రం, అదే చుక్క. ఊహించి పెట్టేవాడికి ఇందులోనూ పాతిక శాతం అవకాశం ఉంది, కాబట్టి మన సంప్రదాయానికీ లోటు రాదు. తయారు చేసేవాళ్లు మాత్రం పట్టిక దాటి ఒక పేజీ చదవాల్సి వస్తుంది. కష్టమంతా అక్కడే ఉన్నట్టుంది.

2026 ఐచి-నగోయాకు హోనోహోన్ అని ఒక మస్కట్ ఉంది. ఎలాగూ అడుగుతారు కాబట్టి అది నేర్చేసుకున్నాను, ఆ విషయంలో మీరు దిగులు పడక్కర్లేదు. దానితోపాటు అక్కడ ఎవరైనా అధికారులతో వాదించి గెలిచినా, కుట్లతో ఆడినా, ఆ సంగతి కూడా ఒక ఆప్షన్‌లో ఇరికించే మార్గం చూడవలసిందిగా మనవి.

ఈ లేఖలోని అంశాలపై మీకు అభ్యంతరాలుంటే తగిన ఆధారాలతో పంపవచ్చు. రుసుము అక్కర్లేదు, గడువు కూడా పెట్టడం లేదు. అభ్యంతరం సరైనదని తేలితే మీ మార్కు మీకు కలుపుతాను.

ఇట్లు,
మీ నిత్య పారాయణదారుడు,
హాల్‌టికెట్ చేతిలో ఉన్న ఒక అభ్యర్థి