"మీ వాకింగ్ వేస్ట్" అట, ఎందుకంటే నడక ఒకే ప్లేన్ అట!

కేబీఆర్ పార్క్ నుంచి కాలనీ పార్కుల దాకా వాకింగ్ గ్రూపులన్నిట్ల ఇప్పుడు ఒకటే ఫార్వర్డ్. "మీ వాకింగ్ వేస్ట్" అని హెడ్డింగు, కింద ఒక మనిషి బొమ్మ, ఆయనని మూడు రంగుల పలకలు కోసేసినట్టు గీతలు. విషయం ఏందంటే, శరీరానికి మూడు ప్లేన్లు, అంటే కదలికలు ఎటు జరుగుతున్నయో చెప్పే ఊహా పలకలు ఉంటయి, నడక ఒక్క సాజిటల్ (ముందుకి వెనక్కి కదిలే) ప్లేన్‌లనే అయితది కాబట్టి మిగతా కదలికలు తుప్పు పడ్తయి. మోకాలు తలుపు బందు లెక్క, అది అస్సలు తిరగదు, కాబట్టి కింద మఠం వేసుకొని కూచోవద్దు. నడుము ఎంత తిప్పితే అంత ఫ్రీ అయితది. మణికట్టు గుండ్రంగా తిరగాలె, అజారుద్దీన్, లక్ష్మణ్ అట్లనే ఆడిన్రు. మూడు ప్లేన్లు కవర్ కావాలంటే వాకింగ్ బంద్ చేసి సూర్యనమస్కారాలు చెయ్యండి. ఇదంతా ఆ ఫార్వర్డ్ మాట. నేను ఫిజియోని, నా దగ్గరికొచ్చే పెద్దోళ్ళు ఫోన్ తీసి చూపించి "ఇప్పుడేం బంద్ చెయ్యాలె బిడ్డా" అని అడుగుతున్నరు, ఒక్కొక్కళ్ళకి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్న.

ముందు ఆ పలకల సంగతి. నిటారుగా నిలబడి అరచేతులు ముందుకి పెట్టుకున్న మనిషిని అనుకోండి, లెక్క అంతా అక్కడి నుంచే. కుడి ఎడమలుగా విడదీసే పలక సాజిటల్, వంచుడు చాపుడు దీంట్లకి వస్తయి, ఇరుసు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఉంటది. ముందు వెనకగా విడదీసేది ఫ్రంటల్, కాలు పక్కకి ఎత్తుడు దీంట్ల, ఇరుసు ముందు నుంచి వెనక్కి. పై కిందగా విడదీసేది ట్రాన్స్‌వర్స్, తల కుడికి ఎడమకి తిప్పుడు, ఇరుసు నిలువుగా. ఒక కీలు ఎటు తిరిగిందో ఇద్దరికీ ఒకేలా అర్థం కావడానికి పెట్టుకున్న గుర్తులు ఇవి, గంతే. మూడింట్ల రోజూ ఇంత ఇంత చొప్పున చెయ్యాలన్న కోటా అనాటమీలో ఎక్కడా లేదు.

ఇగ నడక. పెద్ద పెద్ద కోణాలు సాజిటల్‌లనే కనబడ్తయి, తుంటి, మోకాలు, చీలమండ వంగుడు చాపుడు, అంతవరకు కరెక్టే. కానీ కుడి కాలి మీద నిలబడి ఎడమ కాలు గాలిలోకి లేచినప్పుడు కటి ఎముక ఎడమ వైపుకి ఒరగాలని చూస్తది, దాన్ని పట్టి ఆపేది కుడి తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్ కండరం. అది ఆపినా సుమారు 5 డిగ్రీలు ఒరుగుతది, అది ఫ్రంటల్ ప్లేన్. అదే అడుగులో కటి ఒక్కో వైపుకి దాదాపు 4 డిగ్రీలు తిరుగుతది, పైన ఛాతీ దానికి ఉల్టా తిరుగుతది, చేతులు ఊగేది అందుకే, అది ట్రాన్స్‌వర్స్. నమ్మబుద్ధి కాకపోతే బెల్ట్ పెట్టుకునే చోటికి కొంచెం కింద రెండు పక్కలా వేళ్ళు గట్టిగా నొక్కి పెట్టి నెమ్మదిగా నడవండి, ఏ కాలు నేల మీదుంటే ఆ పక్క కండ గట్టిపడి, కాలు లేవంగనే మెత్తబడ్తది. ఆ కండరం బలం పోయినోళ్ళు ఎట్ల కుంటుతరో చూసిన ఎవ్వరూ నడక ఒక ప్లేన్ పని అని అనరు.

మోకాలు తిరగదా? కుర్చీలో కూచొని మోకాలు 90 డిగ్రీలు వంచి, మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె ఉంటది కదా, దాని మీద వేలు పెట్టి మడమ కదలకుండా పాదాన్ని లోపలికి బయటికి తిప్పండి, బుడిపె వేలి కింద జరుగుతది. అది మోకాలు తిరుగుడే. ఇప్పుడు కాలు పూర్తిగా చాపి తిప్పండి, మొత్తం తుంటి నుంచే వస్తది, ఎందుకంటే చాపుడు పూర్తయ్యే ముందు పిక్క ఎముక కొంచెం బయటికి తిరిగి మోకాలు లాక్ అయితది, మళ్ళ వంచేటప్పుడు పాప్లిటియస్ అని వెనక ఒక చిన్న కండరం ఆ లాక్ తీస్తది. మఠం వేసుకొని కూచున్నప్పుడైతే తుంటి వంగుతది, పక్కకి తెరుచుకుంటది, బయటికి తిరుగుతది, అంటే మూడు ప్లేన్లు అన్నం తినేకాడనే అయిపోయినయి! తుంటి బిగుసుకుపోయినోళ్ళు పద్మాసనం కోసం చీలమండ పట్టుకొని గుంజితే మాత్రం ఆ మెలి మోకాలి మీద పడ్తది, నొప్పి వస్తది, తప్పు అక్కడ గుంజుడుది.

నడుము పాయింటే అన్నిటికంటే డేంజర్. నడుము భాగంలో 5 వెన్నుపూసలు, వాటి మధ్య కీళ్ళు వంగడానికి అనువుగా నిలబడి ఉంటయి, తిరగడానికి కాదు, ఒక్కో చోట 1 నుంచి 3 డిగ్రీలు అంతే. పైన పక్కటెముకలున్న వీపు భాగం ఒక వైపుకి సుమారు 30 డిగ్రీలు తిరుగుతది, మిగతాది తుంట్లు, పాదాలు ఇస్తయి. పార్కు ఓపెన్ జిమ్‌లో గుండ్రటి ట్విస్టర్ మీదెక్కి రాడ్ పట్టుకొని ఊపు మీద ఊపు కొట్టే అంకుల్స్‌ని రోజూ చూస్తున్న, నడుము తిరుగుతుందనుకుంటరు పాపం. మెల్లగా ఊగితే తప్పేం లేదు, కానీ డిస్క్ నొప్పి ఉన్నోళ్ళు వంద సార్లు అని కౌంట్ పెట్టుకొని తిప్పుడేందండి?

మణికట్టు సంగతి చిన్నది. మోచేయి పక్కకి ఆనించి అరచేయి పైకి కిందికి తిప్పండి, తిరిగేది ముంజేయి, దాంట్ల ఉన్న రెండు ఎముకల్లో రేడియస్ అనేది అల్నా అనే దాని మీదుగా అడ్డం పడ్తది. మణికట్టు పని వంగుడు చాపుడు, అటు ఇటు ఒరుగుడు, ఈ రెండే, అవి కలిస్తే గుండ్రంగా తిరిగినట్టు కనిపిస్తది. లక్ష్మణ్ 2001లో ఈడెన్‌ల 281 కొట్టినప్పుడు ఆఫ్ స్టంప్ అవతలి బంతిని మిడ్‌వికెట్‌కి పంపుతుంటే మనం మణికట్టు మాయ అన్నం, అందులో ముంజేయికి క్రెడిట్ ఎవ్వరూ ఇయ్యలె. (బొటనవేలు ఇంకా తిక్కది, మిగతా వేళ్ళకి అడ్డంగా ఉంటది కాబట్టి దాని వంగుడు ఫ్రంటల్‌ల, దూరం జరుగుడు సాజిటల్‌ల పడ్తది, స్టూడెంట్స్ అందరూ అక్కడ తన్నుకుంటరు.)

ఇగ సూర్యనమస్కారం. ముందుకి వంగుడు, వెనక్కి వంగుడు, ఒక కాలు వెనక్కి వేసుడు, పడుకొని ఛాతీ లేపుడు, మళ్ళ లేచి నిలబడుడు. ఒక్కసారి పలకల్లో పెట్టి చూడండి, దాదాపు అంతా సాజిటలే! నడకని ఏ కారణంతో వేస్ట్ అన్నరో అదే కారణం దీనికి ఇంకా ఎక్కువ వర్తిస్తది. సూర్యనమస్కారం మంచిదే, నేనూ చేస్త, కానీ ఫార్వర్డ్ రాసినాయన తన బొమ్మని తానే చూసుకోలేదన్నమాట.

కాబట్టి అడిగినోళ్ళకి నా జవాబు: వాకింగ్ బంద్ చెయ్యకండి. డబ్ల్యూహెచ్ఓ 2020 గైడ్‌లైన్స్‌ల పెద్దోళ్ళకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం 2 రోజులు కండరాల బలం పెంచే ఎక్సర్‌సైజులు, 65 దాటినోళ్ళకైతే 3 రోజులు బ్యాలెన్స్ మీద పని కూడా. వాకింగ్ అయినంక కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేచి కూచోండి, గోడ పట్టుకొని పక్కకి అడుగులు వెయ్యండి, ఒంటికాలి మీద కాసేపు నిలబడండి. మోకాలి నొప్పి, డిస్క్ సమస్య ఉన్నోళ్ళు మాత్రం చూపించుకొని మొదలుపెట్టండి.