పిల్లాడి పొక్కుల ఫోటో ఎవరెవరు చూశారు?

దేవరకొండలో ఉండే మా చెల్లెలి కొడుక్కి మూడేళ్లు. ఆ మధ్య ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగా, రాత్రి పూట వాడికి గజ్జల్లో ఎర్రగా పొక్కులు లేచి ఒకటే ఏడుపు. నల్లగొండ డాక్టరుకు ఫోన్ చేస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నారు. "అన్నా, నా ఫోన్ల మసకమసక వస్తది, నువ్వే తియ్యి. స్టూడియో ఉన్నోనివి గదా" అంది చెల్లె. తను టార్చి పట్టుకుంది, బావ కాళ్లు పట్టుకున్నాడు, నేను నాలుగు ఫోటోలు తీశాను. పది నిమిషాల్లో డాక్టరు ఆయింట్‌మెంట్ పేరు పంపారు. అయిపోయిందనుకున్నా.

సోమవారం పొద్దున నల్లగొండలో మా స్టూడియోలో ఒక పెద్దాయనకు పెళ్లి ఆల్బమ్ శాంపిల్స్ చూపిస్తున్నా. కంప్యూటర్‌లో ఫోటోలు తెరవగానే మొదటి వరసలో అవే నాలుగు. ఫోన్లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంది, రెండింట్లో అకౌంట్ ఒకటే. గబుక్కున మూసేశా. ఆయన చూశారో లేదో తెలియదు. తెప్పించిన టీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆయన కంటే ముందు, రాత్రే, ఆ ఫోటోలు ఒక మిషన్ కూడా చూసి ఉంటుందని అప్పుడు తట్టింది. పిల్లల మీద లైంగిక నేరాల ఫోటోలు ఉన్నాయేమోనని మనం ఎక్కించేవన్నీ స్కాన్ చేసే కంపెనీ మిషన్ అది. ఇక టెన్షన్ మొదలైంది, ఎందుకంటే శాన్‌ఫ్రాన్సిస్కో తండ్రి కథ నేను చదివి ఉన్నా. 2021 ఫిబ్రవరిలో ఆయన చేసిందీ ఇదే. చిన్న కొడుక్కి మర్మాంగం దగ్గర వాపొస్తే, డాక్టరుకు చూపించడానికి ఫోటో తీశాడు. గూగుల్ మిషన్ దాన్ని నేరం కింద లెక్కేసి పట్టిస్తే, గూగుల్ అకౌంట్ మూసేసింది. మెయిల్స్ పోయాయి, కొడుకు పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలు పోయాయి, చివరికి ఫోన్ కనెక్షన్ కూడా గూగుల్‌దే కాబట్టి ఆ నంబరూ పోయింది. పోలీసులు విచారించి ఏ నేరమూ లేదని తేల్చారు. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే నంబర్ కలవలేదట! 2022లో న్యూయార్క్ టైమ్స్‌లో ఇదంతా వచ్చాక కూడా గూగుల్ ఆ అకౌంట్ తిరిగివ్వనంది. "తప్పు చెయ్యనోనికి భయమెందుకు" అనే మా టీ కొట్టు బ్యాచ్‌కు నేను చెప్పేది ఈ కథే.

మా నాన్న డార్క్‌రూమ్‌లో రీళ్లు కడిగిన మనిషి. ఎవరింట్లో ఏముందో పోస్ట్‌మ్యాన్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆ రోజుల్లో ప్రతి ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉండేది. మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు లేని ఏడాది పిల్లాడు, బోర్లా పడుకుని తలెత్తి నవ్వుతుంటాడు, బుగ్గన దిష్టిచుక్క. నాదీ ఉంది, అమ్మ పెట్టెలో. నాన్న అలాంటివి ఎన్ని వందలు కడిగారో. ఒక్కసారి మాత్రం, ఒక రీలు కడిగి బయటికొచ్చి, తెచ్చినవాణ్ణి లోపలికి పిలిచి చెంప పగలగొట్టారు. రీలు తిరిగివ్వలేదు. అందులో ఏముందో మాకు చెప్పలేదు, పోలీసులకూ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేనని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఆ ఫోటోలో ఉన్న పిల్ల ఎవరో, తర్వాత ఏమైందో.

అందుకే స్కానింగే వద్దనే గుంపులో నేను లేను. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి ఫోటోడీఎన్ఏ అనేది తయారుచేశారు. ఇదివరకే దొరికిన నేరపు ఫోటోలకు వేలిముద్ర లాంటి అంకెల వరస తీసి జాబితా పెట్టుకుంటారు. మనం ఎక్కించే ఫోటో ముద్ర దాంతో కలిస్తేనే పట్టుకుంటుంది. మా మేనల్లుడి పొక్కులు ఏ జాబితాలోనూ లేవు కాబట్టి దానికి వాడితో పని లేదు. నాకు ఇది సమ్మతమే. అలాంటి ఫోటో చేతులు మారిన ప్రతిసారీ ఆ బిడ్డకు గాయం మళ్లీ మొదలు. 2024 సెప్టెంబర్ 23న మన సుప్రీంకోర్టు కూడా వాటిని దాచుకోవడం పోక్సో కింద నేరమేనని చెప్పింది, అసలు "చైల్డ్ పోర్నోగ్రఫీ" అనే మాటే వాడొద్దని కోర్టులకు చెప్పింది.

నా గొడవంతా రెండో రకంతో. ఎక్కడా లేని కొత్త ఫోటోను చూసి ఇది ఫలానా అయ్యుంటుందని ఊహించే మిషన్‌తో. శాన్‌ఫ్రాన్సిస్కో ఆయన్ను పట్టించింది అదే. ఇక 2021 ఆగస్టులో ఆపిల్ ఏకంగా మన ఫోన్లోనే ముద్రలు పోలుస్తానంది. దాదాపు 30 కలిస్తేనే మనిషి చూస్తాడంది. కొన్ని రోజులకే నిపుణులు వేర్వేరు బొమ్మలకు ఒకే ముద్ర వచ్చేలా చేసి చూపించారు. నెల తిరక్కుండా ఆపిల్ దాన్ని వాయిదా వేసి, 2022 డిసెంబర్‌లో మొత్తానికే మానుకుంది. మంచిదైంది. నా గల్లాపెట్టె నా ఇంట్లో ఉండగా దానికి కాపలా ఎవడో కూర్చుంటానంటే ఎట్లా?

అమెరికా సంగతి మనకెందుకనుకోవద్దు. అక్కడి కంపెనీలు తమ కంటబడినవి పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు చెప్పి తీరాలి. 2019 ఒప్పందంతో ఆ సమాచారం నేరాల లెక్కలు చూసే మన కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీకి, అక్కడి నుంచి రాష్ట్ర పోలీసులకు వస్తుంది. నిజమైన దొంగలు దొరికేదీ ఈ దారిలోనే, అది ఆగాలని నేననను. కానీ దేవరకొండ గల్లీలో ఇంటి ముందు పోలీసు జీపు ఆగితే ఊరంతా చూస్తుంది. తప్పేం లేదని తేలాక ఆ విషయం చెప్పడానికి జీపు మళ్లీ రాదు. కాబట్టి ఊహ మీద అకౌంట్ మూసే ముందు ఒక మనిషి చూడాలి, మన మాట వినాలి, డాక్టరు మెసేజ్ చూపిస్తే నమ్మాలి. మా నాన్నకు ఫోటోలోని పిల్లాడు ఎవరి కొడుకో తెలుసు. మిషన్‌కు తెలియదు, సరే, అడగనన్నా అడగాలి కదా.

నా అకౌంట్‌కు ఏమీ కాలేదు. ఆ నాలుగూ తీసేశా, బ్యాకప్ ఆపేశా. పోయిన వారం పొక్కులు మళ్లీ లేచాయి, చెల్లె మళ్లీ ఫోన్. ఫోటో వద్దు, పిల్లాణ్ణి బస్సెక్కించి తీసుకురమ్మన్నా. "నీకేమన్న పిచ్చి లేసిందా అన్నా, గీ ఎండల" అని కట్ చేసింది. బుధవారం తెచ్చింది. దారిలో వాడు రెండుసార్లు కక్కుకున్నాడట, స్టూడియోలోకి వచ్చేటప్పటికి ఒంటి మీద చొక్కా లేదు.