తలుపు తీస్తే నంబరు, నంబరిస్తే తలుపు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ పల్చన. వినాలని వినలేదు, వినబడింది. ప్రసాదరావుగారికి లోకంలో ఏ సంగతైనా సంవత్సరంతో సహా తెలుసు. అనసూయగారికి ఆయన సంగతి తెలుసు. ఆ పొద్దున వాళ్ల వాషింగ్ మిషన్ సగం ఉతుకులో ఆగిపోయింది. అద్దం తలుపు బిగుసుకుపోయింది. లోపల నీళ్లలో ఆయన చారల చొక్కా తేలుతోంది.

(ప్రసాదరావు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కూర్చున్నారు. పాట వస్తోంది.)

అనసూయ: ఇంకెంతసేపండీ ఆ పీపీ?

ప్రసాదరావు: పీపీ కాదే, హోల్డ్ మ్యూజిక్. దాని వెనక పెద్ద కథుంది. ఆల్‌ఫ్రెడ్ లెవీ అని అమెరికాలో ఒక ఫ్యాక్టరీ యజమాని. వాళ్ల ఫోన్ తీగ ఒకటి వదులై బిల్డింగ్ ఇనప దూలానికి తగులుకుంది. పక్క బిల్డింగ్‌లో రేడియో స్టేషన్. ఇంకేముంది, హోల్డ్‌లో ఉన్నవాళ్లకి రేడియో పాటలు! ఆయన దాన్నే పట్టుకుని 1966లో పేటెంట్ సంపాదించాడు.

అనసూయ: అంటే ఆ తీగ ఇవాళ్టిదాకా ఎవరూ బిగించలేదన్నమాట.

(పాట ఆగింది. ఇద్దరూ ముందుకి వంగారు.)

ఫోన్: మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. దయచేసి లైన్‌లో ఉండండి.

అనసూయ: అంత ముఖ్యమైతే ఎత్తరేం?

ప్రసాదరావు: ఎత్తడానికి మనుషులుండాలిగా. ఎంతమందిని పెట్టాలన్నదానికీ ఒక లెక్కుంది. 1909లోనే కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే ఆయన, కాల్స్ ఏ తీరున వచ్చిపడతాయో లెక్కగట్టి చూపించాడు. కాల్ సెంటర్లు ఇప్పటికీ ఆయన సూత్రాలతోనే సీట్లు లెక్కేసుకుంటాయి.

అనసూయ: అయితే మనల్ని ఇలా కూర్చోబెట్టింది పొరపాటున కాదు, లెక్క ప్రకారమే.

ప్రసాదరావు: లెక్క ప్రకారమే.

అనసూయ: హమ్మయ్య. నేనింకా నిర్లక్ష్యమనుకుని బాధపడుతున్నా. ఇంతకీ ఏ నంబరు నొక్కారు?

ప్రసాదరావు: కొత్తది కొనాలంటే 1, ఉన్నది పాడైతే 4. నాలుగు నొక్కితే మళ్లీ మొదటికొచ్చింది. ఒళ్లు మండి 1 నొక్కా. రెండో రింగుకే ఎత్తాడు! "చెప్పండి సార్" అని ఎంత మర్యాదగా అడిగాడనుకున్నావ్.

అనసూయ: మరి?

ప్రసాదరావు: పాడైందని చెప్పగానే, అంతే మర్యాదగా 4కి పంపాడు.

(అనసూయ తన ఫోన్ తీసి ఆయన ముక్కు ముందు పెట్టారు.)

అనసూయ: మీలా తపస్సు చేసే ఓపిక నాకు లేదు. పొద్దున్నే చాట్‌లో పెట్టేశా. చూడండి. దానికో ఆడపేరు, చేతులు జోడించిన బొమ్మ. "తలుపు తెరుచుకోవడం లేదు" అని రాశా. "మీకు అసౌకర్యం కలిగినందుకు చింతిస్తున్నాం. మీ సమస్య ఫ్రిజ్ తలుపుదా?" అంది. కాదన్నా. "సంతోషం! ఇంకేమైనా సాయం కావాలా?" అంది.

ప్రసాదరావు: పాపం, దాన్ననకు. 1966లోనే ఎంఐటీలో వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అని ఇలాంటి మాట్లాడే కంప్యూటర్ ప్రోగ్రామే ఒకటి తయారుచేశాడు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నలా అడిగేది, అంతకుమించి ఏమీ లేదు. అయినా ఆయన సెక్రటరీ దాంతో నాలుగు ముక్కలు మాట్లాడగానే, కాస్త మమ్మల్ని వదిలి బయటికెళతారా అని ఆయన్నే అడిగిందట!

అనసూయ: నాకూ ఆవిడ పరిస్థితే. ఆ చాటేదో నేను చూసుకుంటా, మీరు కాస్త బయటికెళ్లండి.

ప్రసాదరావు: ఆగవే. ఏం మాటిచ్చింది?

అనసూయ: ఇవాళ 10 నుంచి 2 లోపల మనిషి వస్తాడంది.

ప్రసాదరావు: నాకు ఫోన్‌లో రికార్డింగ్ ఎల్లుండి అంది! స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. కెనడాలో ఒక విమాన కంపెనీ చాట్‌బాట్ తప్పు రూలు చెబితే, ఒక ప్రయాణికుడు నమ్మి టికెట్ కొన్నాడు. కంపెనీ ఏమందో తెలుసా? చాట్‌బాట్ వేరు, మేం వేరు, దాని మాటకి మాది పూచీ కాదంది. 2024లో ట్రిబ్యునల్ కుదరదంది. సైట్‌లో ఎవరు చెప్పినా కంపెనీ చెప్పినట్టేనని డబ్బు కట్టించింది.

అనసూయ: ఆ ట్రిబ్యునల్ మగవాళ్ల మాటల మీద కూడా తీర్పులిస్తుందా?

(ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. మెసేజ్‌లు.)

ప్రసాదరావు (చదువుతూ): "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు? చొక్కా ఇంకా ఈదుతూనే ఉంటే! కింద కారణం... "ఇదే అడ్రసు మీద మరో ఫిర్యాదు ఉన్నందున మూసివేయడమైనది."

అనసూయ: నాదీ అంతే. "మరో ఫిర్యాదు ఉన్నందున." ఆ మరోది ఏది?

ప్రసాదరావు: నీది.

అనసూయ: నాకు మరోది మీది.

(ఇక్కడ నేను నోరు మూసుకోలేకపోతున్నాను. ఫోన్, చాట్, యాప్, మెయిల్ అని నాలుగు వీధి గుమ్మాలు పెట్టి తోరణాలు కట్టిన కంపెనీ, లోపల గదికీ గదికీ మధ్య తలుపు పెట్టడం మర్చిపోతుంది. ఏ గుమ్మంలోకెళ్లినా మొదటినుంచీ చెప్పుకోవాల్సిందే. మెయిలైతే మరీనూ, "నో రిప్లై" అని పేరులోనే రాసుకుని వస్తుంది. సరే, నా గొడవెందుకు.)

ప్రసాదరావు: అంతా నీవల్లే! చాట్‌లో ఇచ్చినదానివి నాకో మాట చెప్పొద్దూ?

అనసూయ: చెప్పానుగా! వాట్సాప్‌లో పెట్టా. నీలం టిక్కులు కూడా వచ్చాయి.

ప్రసాదరావు: నీలం టిక్కులంటే చూశానని. చదివానని కాదు.

అనసూయ: పక్క గదిలో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టడం నా తప్పే. మెయిల్ పంపాల్సింది.

(పాట ఆగింది. ఈసారి నిజంగానే మనిషి.)

అమ్మాయి గొంతు: నమస్తే సార్, ఎలా సాయపడగలను?

ప్రసాదరావు: అమ్మా! ఉన్నావా! మిషన్ ఆగిపోయింది, నీళ్లు పోవడం లేదు, తలుపు రావడం లేదు.

అమ్మాయి: తప్పకుండా సార్. మీ పేరు, మొబైల్ నంబరు, అడ్రసు, మోడల్, కొన్న తేదీ చెప్తారా?

ప్రసాదరావు: ఇవన్నీ నొక్కే కదమ్మా ఇక్కడిదాకా వచ్చా!

అమ్మాయి: నాకు కనబడవు సార్. కొత్తగా ఫిర్యాదు తెరవాలంటే సీరియల్ నంబరు కావాలి.

ప్రసాదరావు: ఎక్కడుంటుంది?

అమ్మాయి: తలుపు లోపలి అంచు మీద స్టిక్కర్ ఉంటుంది సార్. ఒకసారి తలుపు తీసి చూసి చెప్పండి.

(చాలాసేపు ఏ శబ్దమూ లేదు. గోడకి చెవి ఆనించాను. ఒప్పుకుంటున్నాను.)

అనసూయ (ఫోన్ లాక్కుని): అమ్మాయ్, తలుపు వస్తే నీకెందుకు ఫోన్ చేస్తామే?

అమ్మాయి: నిజమే మేడమ్... కానీ నంబరు లేకపోతే నా స్క్రీన్ ముందుకి కదలదు.

అనసూయ: మా తలుపూ నీ స్క్రీనూ ఒకటే జబ్బన్నమాట. నీ పక్కన పెద్దవాళ్లెవరూ లేరా?

అమ్మాయి (గొంతు తగ్గించి): మేడమ్, ఇది స్క్రీన్ మీద లేదు, మా ఇంట్లో ఇలాగే అయితే నేను చేసింది చెప్తున్నా. ప్లగ్ తీసేయండి. మిషన్ ముందు కింద మూలన చిన్న మూత ఉంటుంది. దాని వెనకే ఫిల్టర్. వెడల్పాటి పళ్లెం పెట్టి మెల్లగా, మెల్లగా తిప్పండి. నీళ్లు పోయాక కాసేపాగితే తలుపు వచ్చేస్తుంది. వేడి నీళ్లయితే చల్లారనివ్వండి.

అనసూయ: బంగారుతల్లివి. ఉండు, లైన్‌లో ఉండు.

అమ్మాయి: ఉండలేను మేడమ్, ఇప్పటికే కాల్ టైము దాటిపోయింది. రేటింగ్ మెసేజ్ వస్తుంది, మర్చిపోకండి.

(ఫోన్ పెట్టేసింది. మెల్లగా తిప్పమన్నది ప్రసాదరావుగారికి వినబడలేదు. నీళ్లు పళ్లెం దాటి గడప దాకా వచ్చాయి.)

అనసూయ: మెసేజ్ వచ్చింది. 0 నుంచి 10 వరకు ఎన్నిస్తారు అంటోంది. పాపం మంచిపిల్ల, 8 ఇచ్చేస్తున్నా.

ప్రసాదరావు (నేల మీద గుడ్డతో): ఆగు, ఆగు! 8 ఇస్తే ఇవ్వనట్టే. 2003లో రైక్‌హెల్డ్ అనే ఆయన పెట్టిన పద్ధతిది. 9, 10 ఇస్తేనే మెచ్చుకున్నట్టు. 7, 8 లెక్కలోకి రావు. 6 నుంచి కిందికన్నీ తిట్టినట్టే.

అనసూయ: బళ్లో 60 మార్కులొస్తే ఫస్ట్ క్లాసనేవాళ్లు. ఇక్కడ 6 ఇస్తే తిట్టా? సరే, ఆ పిల్లకి 10. మరి కంపెనీకి?

ప్రసాదరావు: రెండింటికీ కలిపి ఒకటే ప్రశ్నే.

అనసూయ: అదేమిటి, పిల్లకిచ్చిన పదీ వాళ్ల ఖాతాలోకే పోతుందా?

(టిక్కుమని శబ్దం. తలుపు వచ్చింది. ప్రసాదరావుగారు చొక్కా పిండుతున్నారు. అనసూయగారు ఫిల్టర్‌లో వేలు పెట్టి ఏదో బయటికి తీశారు.)

అనసూయ: ఇదేమిటండీ? గుండీ!

ప్రసాదరావు: నా చారల చొక్కాదే! ఊడేలా ఉంది, కుట్టేదాకా మిషన్‌లో వేయొద్దని మొన్ననే నీకు మెసేజ్ పెట్టా. ఇదిగో చూడు. రెండు టిక్కులు. నీలం.

అనసూయ: చూశాను.

ప్రసాదరావు: మరి?

అనసూయ: చూశానన్నా. చదివానన్నానా?